మాట వినబడుతుంది, అర్థం కాదు

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్లు. తెలుగు పండితులుగా పదవీ విరమణ చేశారు. ఏడాది క్రితం రెండు చెవులకూ మిషన్లు కొన్నాం. అమ్మినవారు అరగంటలో అమర్చి పంపించారు. నాలుగు రోజులు పెట్టుకుని, పళ్లేల చప్పుడు తలలో సుత్తితో కొట్టినట్టుందంటూ తీసి బీరువాలో పెట్టేశారు. "నాకు వినబడుతూనే ఉంది, మీరే నమిలి మాట్లాడుతున్నారు" అంటారు. చెవుడు వల్ల మతిమరుపు వస్తుందని చదివి భయపడుతున్నాం. ఇంకా ఖరీదైనది కొనమంటారా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: మీ మామగారి మాటలో సగం నిజముంది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో, లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగంలో, హెచ్చుస్థాయి (అంటే పెద్దవి కాదు, సన్నని కీచు) ధ్వనులను అందుకునే రోమకణాలు ముందుగా దెబ్బతింటాయి. మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. అచ్చుల బలం ఎక్కువగా తక్కువ స్థాయిలో ఉంటుంది కాబట్టి అవి చెవికి చేరుతూనే ఉంటాయి. క, చ, ట, త, ప లను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసే గుర్తులు, స, శ లలోని బుస మాత్రం చాలావరకు పైస్థాయిలో, అదీ చాలా తక్కువ బలంతో ఉంటాయి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కనుక ఎవరో మాట్లాడారని ఆయనకు స్పష్టంగా తెలుస్తుంది. ఆ అన్నది పప్పా, తప్పా, కప్పా అన్నదే తేలదు. వ్యాకరణం పరుషాలని పేరుపెట్టిన అక్షరాలే పెద్దవారి చెవికి ముందుగా దూరం కావడం ఒక పండితుడికి మింగుడుపడని సంగతే. మీరు గట్టిగా అరిచినా పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలమే.

ఇక పళ్లేల చప్పుడు. ఈ లోపం ఉన్న చెవికి మెల్లని శబ్దం వినబడదు కాని, పెద్ద శబ్దం మాత్రం మనకు ఎంత పెద్దగా ఉంటుందో ఆయనకూ దాదాపు అంతే పెద్దగా ఉంటుంది. వినబడడం మొదలయ్యే హద్దుకూ భరించలేని హద్దుకూ మధ్య చోటు ఇరుకైపోతుందన్నమాట. అందువల్ల మంచి మిషన్ అన్నిటినీ ఒకే మోతాదులో పెంచదు. మెల్లని ధ్వనులను ఎక్కువగా, పెద్దవాటిని కొద్దిగా మాత్రమే పెంచుతుంది. ఈ లెక్క ఏ స్థాయి ధ్వనికి ఎంత అన్నది ఆయన ఆడియోగ్రామ్‌ను (వినికిడి పరీక్ష పట్టికను) బట్టి, ఒక్కొక్క చెవికీ విడిగా సరిచేయాలి. సన్నని గొట్టం ద్వారా చెవిలోపల ధ్వని ఎంత చేరుతోందో కొలిచి చూసే పద్ధతి ఉంది. అరగంటలో పని ముగించినవారు అది చేసి ఉండరని నా అనుమానం.

కాబట్టి ఇప్పుడే కొత్తది కొనవద్దు. ఖరీదు పెరిగేకొద్దీ ప్రధానంగా పెరిగేవి చప్పుడును తగ్గించే ఏర్పాట్లు, ఫోనుతో కలిపే సౌకర్యాలు. సరిగా అమర్చని ఖరీదైన మిషన్ కూడా బీరువాకే చేరుతుంది. ముందు ఈఎన్‌టీ వైద్యుని చేత చెవిలో గులిమి ఉందేమో చూపించండి. తరువాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుల) వద్దకు ఆ పాత మిషన్లనే తీసుకువెళ్లి, చెవిలోపలి కొలత తీసి సరిచేయమని అడగండి. ఆ తరువాత కూడా మొదటి వారాల్లో కుళాయి, ఫ్యాను, కాగితాల గరగర చిరాకు పెడతాయి. ఏళ్ల తరబడి ఆ చప్పుళ్లు లేకుండా గడిపిన మెదడుకు వాటిని పక్కన పెట్టడం మళ్లీ అలవాటు కావాలి. ఇంట్లో ఒక్కరితో మాట్లాడుతూ మొదలుపెట్టాలి. ఫంక్షన్ హాలుకు చివరగా వెళ్లాలి. అక్కడ ఎంత మంచి మిషన్ అయినా ఇబ్బంది పడుతుంది, ఎదురుగా దగ్గరలో కూర్చున్నవారి మాటకు మాత్రమే కొంత సాయపడుతుంది.

మతిమరుపు సంగతి: లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పరచిన కమిషన్ 2024 నివేదిక, డిమెన్షియాకు (మతిమరుపు జబ్బుకు) సంబంధించి మనం సరిదిద్దుకోదగిన 14 ముప్పు కారణాలలో వినికిడి లోపాన్ని చేర్చింది. అయితే 2023లో వెలువడిన అమెరికా పరిశోధనలో 70–84 ఏళ్ల 977 మందిని మూడేళ్లు గమనించినప్పుడు, అందరినీ కలిపి చూస్తే, మిషన్లు ఇచ్చినవారికీ ఆరోగ్య సలహాలు మాత్రమే ఇచ్చినవారికీ మధ్య గ్రహణశక్తి తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ముప్పు ముందే ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. మతిమరుపు రాదన్న హామీతో మిషన్ అమ్మేవారిని నమ్మవద్దు. మనుమలతో మాట్లాడుకోవడానికి పెట్టుకోమనండి, అది చాలు.

ప్రశ్న: మా అమ్మకు ఆన్‌లైన్‌లో రెండు వేల రూపాయలకు దొరికే మిషన్ కొనవచ్చా? అంతకంటే భరించలేం.
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: వద్దు. అలాంటి వాటిలో చాలావరకు శబ్దాన్నంతటినీ ఒకే తీరున పెంచుతాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ పేరిట ఉన్న, వినికిడి, మాట లోపాల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. (ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాదీ.) అక్కడ, వికలాంగులకు ఉపకరణాలు అందించే కేంద్ర ప్రభుత్వపు ఎడిప్ పథకం కింద, ఆదాయ పరిమితికి లోబడి, అర్హులకు వినికిడి యంత్రాలు ఇస్తారు. ఆధార్, ఆదాయ ధ్రువీకరణ, పాత పరీక్షల కాగితాలు ఉంటే అవీ తీసుకుని, మీ అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లండి; చెవిని పరీక్షించకుండా మిషన్ ఇవ్వడం కుదరదు.