అంటు అంటే రెండు మొక్కల్ని కలపడమేనా?

సందేహం: నర్సరీలో జామ మొక్క కొంటే "అంటు మొక్క" అన్నారు. తీరా అడిగితే కొమ్మకే వేళ్ళు తెప్పించి కోశారట, ఇంకో మొక్కతో కట్టిందేం లేదు. మరి అది అంటు ఎలా అవుతుంది? అరటి పిలకని కూడా అలా అనొచ్చా? బహువచనం అంటులా, అంట్లా?

సమాధానం: జామది నిక్షేపంగా అంటు మొక్కేనండి. చాలామంది అంటు అనగానే గ్రాఫ్టింగ్, అంటే ఒక మొక్కకి ఇంకో మొక్క పుల్ల కట్టడం, ఒక్కటే అనుకుంటున్నారు గానీ మన మాటకి అంత ఇరుకు అర్థం లేదు. అంటు అంటే తగలడం, పట్టుకోవడం. మల్లె కొమ్మని తల్లి నుంచి విడదీయకుండా వంచి మట్టిలో తొక్కితే అది నేలని అంటింది, కాబట్టి నేలంటు, అందుకే "అంటు తొక్కడం" అంటారు. మామిడిలో టెంక మొలకకి బంగినపల్లి పుల్ల కడితే పుల్ల మొలకని అంటుకుంది, అది అంటు కట్టడం. ఇక్కడ బెరడుకీ కర్రకీ మధ్యనుండే పల్చటి పొర రెండు ముక్కల్లోనూ ఒకదానికొకటి తగలాలి, తగల్లేదా అంటు పట్టదు, అంటే పేరులోనే పనంతా ఉందన్నమాట.

మీ జామది గాలంటు అయ్యుంటుంది. కొమ్మ చుట్టూ ఓ అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసేసి, తడి నాచు పెట్టి పాలిథిన్ కవర్ కట్టేస్తారు, ఆకులు చేసిన ఆహారం బెరడులోంచే కదా కిందకి దిగాలి, ఆ దారి తెగింది కాబట్టి అక్కడే ఆగిపోతుంది, నీళ్ళు మాత్రం లోపలి కర్రలోంచి పైకి వస్తూనే ఉంటాయి, అందుకని కొమ్మ ఎండదు, కోతకి పైన వేళ్ళు పుడతాయి. అప్పుడు కోసి వేరే నాటతారు. నేలంటుకి నేల చేసే పని ఇక్కడ నాచు చేస్తోంది, పేరు అలా పాకిందని నా ఉద్దేశం.

అరటి పిలకని మాత్రం అంటు అనకండి. అది దుంప నుంచి తనంతట తానే పుడుతుంది, నాటడానికి మంచిదైతే సూది పిలక, వెడల్పాకులదైతే నీటి పిలక అని దానికి వేరే పేర్లే ఉన్నాయి. పసుపుకి కొమ్ము, చెరకుకి ముచ్చె (నాటే గడ ముక్క), బంగాళాదుంపకి కన్ను. రణపాలకైతే ఆకు అంచునే పిల్లమొక్కలు వస్తాయి. పాఠాల్లో విత్తనం లేకుండా మొక్క పుట్టే ఈ పద్ధతులన్నిటినీ కలిపి శాఖీయ ప్రత్యుత్పత్తి అంటారు, పరీక్షకి అదే రాయండి, కానీ రైతుతో మాట్లాడేటప్పుడు పిలక, ముచ్చె అంటేనే పని జరుగుతుంది. మందారం కొమ్మ కోసి గుచ్చడం కూడా అంటు కాదు, అక్కడ ముందు కోత, తర్వాతే వేళ్ళు. గాలంటులో వేళ్ళు వచ్చాకే కోత.

బహువచనం అంట్లు. చోటు చోట్లు అయినట్టే, గంటు గంట్లు అయినట్టే. గిన్నెల అంట్లతో కలిసిపోతుందని కొందరు "అంటులు" అని రాస్తున్నారు, ఆ భయం అక్కర్లేదు, అదీ ఈ మాటే, ఎంగిలి అంటిన గిన్నెలు కాబట్టి అంట్లు.