“అంతే” అన్నచోట ఆగిపోయాను

చిరంజీవికి ఆశీస్సులు.

నీ లెక్కల పుస్తకంలో అవకలనం (ఒక రాశి ఎంత వేగంగా మారుతోందో కనుక్కునే లెక్క) అధ్యాయం అందింది. భాష బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. “ఎక్స్ స్క్వేర్‌లో ఘాతాన్ని ముందుకు తెచ్చి, పైన ఒకటి తగ్గిస్తే 2ఎక్స్. అంతే” అన్నావు. ఎందుకంతే?

మా పెరట్లో పది గజాల చదరపు కళ్ళం ఉండేది. ఒక ఏడు దాన్ని రెండు పక్కలా మూరెడు, అంటే అర గజం పెంచారు. అమ్మ కొత్తగా అలికింది రెండు పొడుగు పట్టీలు, మూలన ఓ చిన్న చదరం. పట్టీ ఒక్కొక్కటీ పది గజాలు. నీ 2ఎక్స్ అదే, ఆ రెండు పట్టీలు! పెరిగిన వైశాల్యాన్ని పెంపుతో భాగిస్తే 20.5. పెంపు 0.1 చేస్తే 20.1, 0.01 చేస్తే 20.01. మూల ముక్క కరిగిపోతుంది, పట్టీలు నిలబడతాయి. ఆ 20 వైపు అంకెలు జరగడం పిల్లవాడు తన చేత్తో లెక్కవేసి చూడాలి. సూత్రం ఆ తర్వాతే.

ఇంటర్లో నేను ఎక్స్ స్క్వేర్ సైన్ ఎక్స్‌కి రెండిటినీ విడివిడిగా అవకలనం చేసి గుణించేసి, 2ఎక్స్ కాస్ ఎక్స్ అని రాశాను. ఎర్రసిరాతో సున్నా పడింది, ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు. నెలల తరబడి నాకు లెక్కలు రావనే అనుకున్నాను. 1675లో, ఈ లెక్కను కనిపెట్టినవారిలో ఒకడైన లైబ్నిజ్ కూడా తన రాతప్రతిలో ఇదే సందేహం దగ్గర తడుముకుని, తానే దిద్దుకున్నాడని చాలా ఏళ్ళకు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఎక్స్‌ని ఎక్స్‌తో గుణించి చూస్తే చాలు: విడివిడిగా అవకలజాలు (అవకలనం చేస్తే వచ్చే ఫలితాలు) 1, 1. వాటి లబ్ధం 1. మరి 2ఎక్స్ ఏదీ? ఈ తప్పుకి నీ పుస్తకంలో ఒక పేజీ ఇవ్వు.

నా మొదటి పుస్తకంలో ఇలాంటి అంకెల పట్టికలన్నీ సంపాదకుడు “పేజీలు దండగ” అని కొట్టేశాడు. సూత్రాలు మాత్రం అట్ట లోపల వరసగా అచ్చేశాడు. ఆ పుస్తకం ఇప్పటికీ చేతిలోకి తీసుకోబుద్ధి కాదు. ఇప్పుడు షార్ట్‌కట్ల మోజు ఇంకా ముదిరింది. నువ్వు ఆ దారి పట్టకు.

ముందుమాట ఎవరిచేత రాయించాలన్నది తర్వాత చూద్దాం. ముందు సైన్ ఎక్స్‌కి కూడా సున్నా దగ్గర పట్టిక వెయ్యి. సైన్ విలువని కోణంతో భాగిస్తూ పో. కోణాన్ని డిగ్రీల్లో వేస్తే 0.01745 దగ్గరికి పోతుంది, కోణానికి మరో కొలత అయిన రేడియన్లలో వేస్తే 1కి. రేడియన్లు ఎందుకన్న నీ ఏడో పేజీ ప్రశ్న అక్కడే తేలుతుంది. మూడో పేజీ తిరగరాసి, చేత్తో వేసిన పట్టికతో సహా పంపు.