సిఎంవి వచ్చిందని మైకోఫినోలేట్ తగ్గిస్తే కొత్త కిడ్నీకి ముప్పా?

మీ నాన్నగారికి కిడ్నీ మార్చి ఐదో నెల. సిఎంవి (సైటోమెగలోవైరస్) లేవకుండా ఇచ్చిన మూడు నెలల వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రల కోర్సు అయిపోయాక ఇప్పుడు నీరసం, విరేచనాలు, రక్తంలో వైరస్‌ను కొలిచే పీసీఆర్ పరీక్షలో సిఎంవి పాజిటివ్. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా వాడే మందుల్లో ఒకటైన మైకోఫినోలేట్‌ను డాక్టరు సగానికి తగ్గించారు, దాంతో కిడ్నీ రిజెక్ట్ అవుతుందేమోనని మీ భయం.

బయటి తిండి వల్లనో, మీరు సరిగ్గా చూసుకోకనో ఇది వచ్చిందనుకోకండి. మన దేశంలో పెద్దవాళ్లలో ఎక్కువమందికి సిఎంవి చిన్నప్పుడే సోకి, ఎముక మజ్జ కణాల్లో నిద్రాణంగా ఉండిపోతుంది. అది లేవకుండా కాపలా కాసేవి టి-కణాలు అనే తెల్లరక్తకణాలు. కొత్త కిడ్నీని పరాయిదని గుర్తుపట్టేవీ అవే. చిక్కంతా అక్కడే. ఆ కణాలను ఉసిగొల్పే ఐఎల్-2 అనే ప్రొటీన్ తయారవకుండా రిజెక్షన్‌కు వాడే మరో మందు టాక్రోలిమస్ ఆపుతుంది, అవి సంఖ్య పెంచుకోకుండా మైకోఫినోలేట్ ఆపుతుంది. ఆపరేషన్ సమయంలో టి-కణాలను తుడిచిపెట్టే ఏటీజీ మందు ఇచ్చి ఉంటే టి-కణాలు కోలుకోడానికి నెలలు పడుతుంది. వాల్‌గాన్‌సైక్లోవిర్ వాడినన్నాళ్లూ వైరస్‌ను మందే అణిచిపెట్టింది కాబట్టి టి-కణాలకు దాంతో తలపడే పని పెద్దగా పడలేదు. కోర్సు ఆపిన కొద్ది వారాల్లో వైరస్ లేవడానికి కారణం ఇదే.

టి-కణాలు మళ్లీ వైరస్‌తో తలపడాలంటే వాటిని ఆపే మందు కొంత తగ్గాలి, అందుకని డాక్టరు చేసింది సబబే. కిడ్నీకి కాపుగా టాక్రోలిమస్ నడుస్తూనే ఉంది కదా. పైగా సిఎంవిని అదుపు చేయకుండా వదిలేస్తే అదే రిజెక్షన్ ముప్పును పెంచుతుంది.

అసలు పొరపాటు జరిగేది వాల్‌గాన్‌సైక్లోవిర్ దగ్గర. నివారణకు వాడింది రోజుకొకసారి, చికిత్సకు వాడేది రెండుసార్లు. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే లెక్క) 60, ఆపైన ఉంటే పూటకు 900 మి.గ్రా. చొప్పున రెండు పూటలు. 40–59 ఉంటే 450 రెండు పూటలు, 25–39 ఉంటే 450 ఒక్కసారే. క్రియాటినిన్ మారితే ఈ లెక్కా మారుతుంది, కాబట్టి ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్‌ను పాత లెక్కన వేసెయ్యకండి. భోజనం తర్వాత వేయాలి, విరగ్గొట్టకూడదు. మాత్ర కడుపులో నిలవనంత విరేచనాలుంటే గాన్‌సైక్లోవిర్‌ను కిలోకు 5 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు.

ఈ మందుతో తెల్లరక్తకణాలు పడిపోతాయి. అప్పుడు భయపడి మీరే డోసు తగ్గిస్తే, చాలీచాలని మందులో బతికిన వైరస్ యూఎల్97 జన్యువులో మార్పులు తెచ్చుకుని మొండికేస్తుంది. అది చాలా కష్టమైన పరిస్థితి. కౌంట్ తగ్గితే ముందు మైకోఫినోలేట్, సెప్ట్రాన్ (ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే యాంటీబయాటిక్) సంగతి డాక్టరు చూస్తారు, అవసరమైతే తెల్లకణాలను పెంచే జీసీఎస్‌ఎఫ్ ఇంజక్షన్ ఇస్తారు.

పీసీఆర్ వారానికోసారి, ఎప్పుడూ ఒకే ల్యాబులో. వైరస్ లెక్క 6,000 ఉన్నది 9,000 అయినా కంగారొద్దు, మూడు రెట్లకు మించితేనే నిజమైన మార్పు కింద లెక్క. మొదటి వారం తగ్గకపోవచ్చు. పూర్తి డోసుతో రెండు వారాలైనా దిగకపోతే, వైరస్ మందుకు లొంగడం లేదేమో చూసే రెసిస్టెన్స్ పరీక్ష గురించి అడగండి. మందు కనీసం రెండు వారాలు వాడాలి, లక్షణాలు పోయి రక్తంలో వైరస్ కనబడకుండా పోయేదాకా ఆపకూడదు. ఐజీఎం (యాంటీబాడీ) పరీక్షతో ఇక్కడ ఉపయోగం లేదు. పేగుల్లో సిఎంవి ఉన్నా రక్తంలో తక్కువ కనబడొచ్చు, విరేచనాలు ఆగకపోతే కొలనోస్కోపీ చేసి బయాప్సీ తీస్తారు.

ఇంకొకటి, విరేచనాలప్పుడు టాక్రోలిమస్ లెవెల్ పెరిగి క్రియాటినిన్ కూడా ఎక్కొచ్చు. లెవెల్‌కు రక్తం ఇచ్చేది రాత్రి మాత్ర వేసిన 12 గంటలకు, పొద్దుటి మాత్రకు ముందు. అలవాటు చొప్పున ఇంట్లోనే వేసేసుకుని వచ్చేవాళ్లు చాలామంది, అప్పుడు రిపోర్టు ఎక్కువ చూపించి డోసు అనవసరంగా తగ్గిపోతుంది. పొద్దుటి మాత్ర సంచిలో పెట్టుకెళ్లి, రక్తం తీశాక వేయించండి.

ఇమ్యూనిటీకని తిప్పతీగ, అశ్వగంధ లాంటివి దయచేసి ఇవ్వకండి. 100.4 డిగ్రీల జ్వరం, ఆయాసం, నల్లటి విరేచనం, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ట్రాన్స్‌ప్లాంట్ టీముకు ఫోన్ చేయండి.