ఒత్తిగిలితే ఇల్లు తిరుగుతోంది!

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్లు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళుతుంది. పది రోజులుగా రాత్రి కుడి పక్కకు ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గిర్రున తిరుగుతోందంటూ మంచం పట్టె పట్టుకుంటోంది. అర నిమిషంలో తగ్గుతోంది. బీపీ, షుగర్ బాగానే ఉన్నాయి. మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేశారు. గుణం లేదు.
– పాఠకురాలు, కాశీబుగ్గ

జవాబు: పక్కకు తిరిగితే రావడం, గిర్రున తిరగడం, నిమిషంలోపే ఆగడం. ఈ మూడూ కలిస్తే మెడ కంటే చెవినే ముందు అనుమానించాలి. తల కదిపినప్పుడు కాసేపు కళ్లు తిరిగే ఈ జబ్బును వైద్యులు బీపీపీవీ అంటారు.

లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు, అంటే సగం వలయంలా వంగిన సన్నని గొట్టాలు, ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉంటాయి. వాటి నిండా ద్రవం. తల తిప్పగానే కుల్య కదులుతుంది, ద్రవం వెనకబడుతుంది. ఆ తోపుకు అడ్డంగా ఉన్న జిగురు తెర వంగుతుంది, దానిలోకి పొడుచుకొచ్చిన రోమకణాలు మెదడుకు కబురు పంపుతాయి. వెంటనే కళ్లు తలకు ఎదురు దిక్కున కదులుతాయి. నడుస్తూ కూడా బస్సు బోర్డు చదవగలిగేది అందుకే.

కుల్యల మొదట్లో ఉన్న పేటికలో కంటికి ఆనని సున్నపు పలుకులు అంటుకుని ఉంటాయి. తల వంచినా, బస్సు ముందుకు లాగినా తెలిసేది వాటి బరువు వల్లే. వయసు మీద పడో, తలకు దెబ్బ తగిలో అవి ఊడి కుల్యలోకి జారితే, ఒత్తిగిలినప్పుడల్లా దొర్లుతూ ద్రవాన్ని లాగుతాయి. తల ఆగినా కబురు ఆగదు. ఆ సమయంలో అమ్మ కళ్లు చూడండి: నల్లగుడ్లు మెల్లగా జారి, టక్కున వెనక్కి ఎగురుతుంటాయి.

మాత్రలు పలుకులను వెనక్కి పంపలేవు, వారాల తరబడి వాడితే మెదడు సర్దుకోవడమూ ఆలస్యమవుతుంది. పంపేది ఎప్లీ పద్ధతి. కుడి చెవికైతే ఇలా: మంచం మీద కాళ్లు చాపి కూర్చుని తల కుడికి 45 డిగ్రీలు తిప్పాలి. భుజాల కింద దిండు వచ్చేలా, తల కొంచెం వేలాడేలా చప్పున వెనక్కి పడుకోవాలి. కళ్లు తిరగడం ఆగాక మరో 30 సెకన్లు అలాగే ఉండాలి. తల ఎత్తకుండా ఎడమకు 90 డిగ్రీలు తిప్పి మళ్లీ 30 సెకన్లు. తర్వాత ఎడమ పక్కకు ఒత్తిగిలి, ముక్కు నేల వైపు ఉండేలా ఇంకో 30 సెకన్లు. చివరికి గడ్డం దించి మెల్లగా లేవాలి. చాలామంది తొందరపడి మధ్యలో తల ఎత్తేస్తారు, పలుకులు మళ్లీ వెనక్కి జారతాయి. మొదటిసారి ఈఎన్‌టీ వైద్యుల చేతనే చేయించండి. ఏ చెవో, ఏ కుల్యో తేల్చేది వారే.

మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, నిలబడలేకపోయినా, ఉన్నట్టుండి చెవి వినబడకపోయినా ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఎస్.కోట నుంచి అరకు ఘాట్ ఎక్కితే మా బాబుకు వాంతులు. డ్రైవరుకు ఎందుకు రావు?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: డ్రైవరుకు మలుపు ముందే తెలుసు. బాబు ఫోను చూస్తుంటే కళ్లు కదల్లేదంటాయి, చెవి కదిలామంటుంది. ఈ పొంతన కుదరకే వాంతులు. బస్సులో ముందు వరుసన కూర్చోబెట్టి దూరంగా రోడ్డు చూడమనండి. మాత్ర వేయాలంటే వాంతి మొదలయ్యాక కాదు, బయలుదేరే ముందే, పిల్లల డాక్టరు చెప్పిన మోతాదులో.