ఇన్వర్టర్ బ్యాటరీ పోయిందా, ఛార్జింగే సరిగా ఎక్కడం లేదా? ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ: 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే నిల్వ సామర్థ్యం) ట్యూబులర్ బ్యాటరీ, కొని నాలుగేళ్లయింది, కరెంటు పోతే ఇరవై నిమిషాలకే ఇన్వర్టర్ కుయ్యోమని అరిచి ఆగిపోతోంది, కరెంటు వచ్చాక మాత్రం అరగంటకే ఫుల్ అని చూపిస్తోంది, షాపువాళ్లేమో బ్యాటరీ మార్చమంటున్నారు. మార్చాలా అంటే, ఇప్పుడే వద్దు. సరిగ్గా ఇదే రోగం మా ఇంటికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి బ్యాటరీ తప్పేమీ లేదు, రెండోసారి మాత్రం బ్యాటరీయే పోయింది. పైకి చూస్తే రెండుసార్లూ ఒకేలా కనిపించింది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది ఖమ్మం. మే నెల అంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగిందంటే ఇంట్లో అందరి మూడ్ పోతుంది. మొదటిసారి ఇలా అయినప్పుడు షాపు నుంచి కుర్రాడొచ్చి మీటరు పెట్టి, నిమిషం కూడా చూడకుండా "పోయింది సార్, పాతది మాకిచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. నాకెందుకో నమ్మకం కుదరక బజార్లో చవక డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొన్నాను. రాత్రంతా ఛార్జింగ్ లేకుండా వదిలేసి పొద్దున్నే కొలిస్తే 13.6 వోల్టులు చూపించింది. ఇంకేం, బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది, ఇన్వర్టరే పోయిందని ఇంట్లో లెక్చర్ ఇచ్చాను. తీరా చూస్తే పోయింది మీటరు లోపలి చిన్న 9 వోల్టుల బ్యాటరీ! అది నీరసపడితే ఈ చవక మీటర్లు అసలు కంటే ఎక్కువ చూపిస్తాయి. కొత్తది వేసి కొలిస్తే 12.4. కాబట్టి ముందు మీ మీటరు సంగతి చూసుకోండి. నాబ్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర వైరు వోల్టులు కొలిచే కన్నంలోనే ఉండాలి. పొరపాటున 10 ఆంప్స్ కన్నంలో పెట్టి బ్యాటరీకి ఆనించారంటే నేరుగా షార్ట్ అవుతుంది, ప్రోబ్‌లు కాలిపోతాయి.

ఇక అసలు విషయం. బ్యాటరీని ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పేయకూడదు. ఊరికే ఉన్నప్పుడు ఒకసారి, లోడు మీద (అంటే ఫ్యాన్లు, లైట్లు బ్యాటరీతో నడుస్తుండగా) ఒకసారి, ఛార్జింగ్ ఎక్కేటప్పుడు ఒకసారి కొలవాలి.

ఊరికే ఉన్నప్పుడు అంటే, ఫుల్ ఛార్జ్ అయ్యాక ఇన్వర్టర్ ఆపేసి, ప్లగ్ తీసేసి, కనీసం నాలుగైదు గంటలు వదిలేయాలి. ప్లగ్ తీసిన వెంటనే కొలిస్తే 13 పైన కనిపిస్తుంది, అది పాల మీద నురగలాంటిది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. నురగ దిగాక 12.5 నుంచి 12.7 మధ్య ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే కిందికొస్తే అడుగంటిందనే. సుమారు 10.5 దగ్గర ఆగిపోయి ఎంత ఛార్జింగ్ పెట్టినా పైకి రాకపోతే బ్యాటరీ లోపలుండే ఆరు సెల్లుల్లో (గదుల్లో) ఒకటి లోపలే షార్ట్ అయి ఉండొచ్చు, ఎందుకంటే ఒక్కో సెల్లు రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది.

నాది 12.4 వచ్చిందని చెప్పాను కదా. మరీ గొప్పగా లేదు, చచ్చిపోనూ లేదు. అప్పుడు మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన చాలా ఏళ్లు లారీల దగ్గర ఎలక్ట్రీషియన్ పని చేసినవాడు. అంతా విని "ఒరేయ్, మీటరు చూశావు సరే, బిగింపు చూశావా?" అన్నాడు. చూశాను, బిగుతుగానే ఉంది. "చేత్తో కదిపితే తెలియదురా, లోడు మీద పెట్టి వైరుకీ పోస్టుకీ మధ్య కొలువు" అన్నాడు.

పోస్టు అంటే బ్యాటరీ మీద పైకి వచ్చి ఉండే ప్లస్ లేదా మైనస్ టెర్మినల్. చాలామంది చెయ్యని పరీక్ష ఇదే. మెయిన్స్ ఆపేసి ఇంటిని ఇన్వర్టర్ మీద నడిపించండి. రెండు ఫ్యాన్లు, రెండు ట్యూబులు, టీవీ వేస్తే దాదాపు 270 వాట్లవుతుంది, అంటే బ్యాటరీ నుంచి పాతిక ఆంపియర్ల పైనే లాగుతుంది. అలా నడుస్తుండగా ఒక ప్రోబ్ బ్యాటరీ సీసం పోస్టు మీద, రెండోది ఆ పోస్టుకే బిగించిన వైరు లగ్గు (వైరు చివరనుండే లోహపు ముక్క) మీద పెట్టండి. రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి కాబట్టి దాదాపు సున్నా రావాలి. నాకు ప్లస్ వైపు 0.02 వచ్చింది. మైనస్ వైపు 0.9! లగ్గు మీద వేలు పెడితే చురుక్కుమంది. విప్పి చూస్తే పైకి శుభ్రంగా ఉన్నా లోపల తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది.

మీరు చెప్పిన రెండు లక్షణాలూ దీంతోనే వచ్చేస్తాయి. లోడు మీద బ్యాటరీ దగ్గర 11.4 ఉన్నా ఇన్వర్టర్‌కు 10.5 మాత్రమే అందుతుంది, బ్యాటరీ అయిపోయిందనుకుని అది ఆగిపోతుంది. ఛార్జింగ్‌లో ఇదే తిరగబడుతుంది. ఇన్వర్టర్ తన దగ్గర కనిపించే 14.4 చూసుకుని ఇక నిండిపోవచ్చిందని కరెంటు తగ్గించేస్తుంది, బ్యాటరీకి మాత్రం అంత చేరనే లేదు. వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి (ఆ నీళ్లు సెల్లుల్లోకి పోకుండా మూతలు గట్టిగా బిగించాలి, సోడా లోపలి యాసిడ్‌ను చంపేస్తుంది), ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన వాసెలిన్ రాశాను. ఆ వారంలోనే బ్యాకప్ రెండున్నర గంటలకొచ్చింది. ఖర్చంటారా, వాసెలిన్ మా ఆవిడది.

విప్పే ముందు ఇన్వర్టర్ స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి, చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి పక్కన పెట్టండి, మైనస్ ముందు విప్పండి. పానా రెండు పోస్టుల మీదా ఒకేసారి పడిందా, మంటే. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి పెట్టండి, బ్యాటరీ దగ్గర అగరుబత్తి కూడా వద్దు.

మూడోది ఛార్జింగ్ పరీక్ష. కొంతసేపు బ్యాటరీ వాడాక మెయిన్స్ ఇచ్చి పోస్టుల మీదే కొలుస్తూ ఉండండి. 12.8, 13.2 అలా మెల్లగా ఎక్కుతూ 14.4 దాకా వెళ్లి, నిండాక 13.5–13.8 దగ్గర నిలబడితే ఛార్జర్ బాగున్నట్టే. మెయిన్స్ ఇచ్చినా అంకె కదలకపోతే ఇన్వర్టర్ వెనకున్న ఫ్యూజు లేదా ట్రిప్ బటన్ చూడండి. 15 దాటి పోతూ, బ్యాటరీ వేడెక్కి కుళ్లిన గుడ్డు వాసనొస్తుంటే వెంటనే ఆపేసి మెకానిక్‌ను పిలవండి, అది మన చేతి పని కాదు. ఇంకో సంగతి, చాలా ఇన్వర్టర్లకు వెనక బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్ ఉంటుంది, అది ట్యూబులర్ మీదే ఉందా చూడండి. మీ వీధిలో లో వోల్టేజ్ ఉంటే యూపీఎస్ మోడ్ కూడా తీసేయండి. ఆ మోడ్‌లో వోల్టేజ్ కాస్త తగ్గినా కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది, ఇంట్లో కరెంటు ఉన్నట్టే ఉంటుంది, బ్యాటరీ మాత్రం ఖాళీ అవుతూనే ఉంటుంది. మా తోడల్లుడి ఇంట్లో ఇదే జరిగింది, వాళ్లు బ్యాటరీ మార్చాక గానీ తెలియలేదు.

రెండేళ్ల తర్వాత రెండోసారి వచ్చినప్పుడు కనెక్షన్లన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఛార్జింగ్ బాగానే ఎక్కుతోంది, ఊరికే ఉన్నప్పుడు 12.3. లోడు పెడితే మాత్రం పది నిమిషాల్లో 10.6కి జారిపోయింది. అప్పుడు హైడ్రోమీటర్ (ఒక్కో సెల్లులో యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపే గాజు గొట్టం) తెచ్చాను. ట్యూబులర్‌లో ఫుల్ ఛార్జ్ మీద సాధారణంగా 1240 దగ్గర ఉండాలి, మీ బ్యాటరీ లేబుల్ మీద ఏముందో కూడా చూడండి. ఐదు సెల్లుల్లో 1220, 1230 అలా వచ్చాయి, నాలుగోదాంట్లో 1120. ఆ రోజంతా ఛార్జింగ్ పెట్టి మళ్లీ చూసినా అదొక్కటీ కదల్లేదు. ఒక సెల్లు మిగతావాటికి ఇంత వెనకబడితే ఇక ఆశ పెట్టుకోనక్కర్లేదు. అందులో యాసిడ్ పోయిస్తే లేస్తుందని, ఏదో పౌడర్ వేస్తే కొత్తదవుతుందని చెప్పేవాళ్లు దొరుకుతారు, వినకండి. యాసిడ్ పోస్తే హైడ్రోమీటర్ అంకె పెరుగుతుంది తప్ప ప్లేట్లు బాగుపడవు. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే, ఆర్వో నీళ్లు కాదు, ఏసీ నీళ్లూ కాదు. నీళ్లు పోసిన వెంటనే హైడ్రోమీటర్ పెట్టినా తప్పు రీడింగే వస్తుంది, ఒకసారి ఛార్జ్ అయి కలిశాక చూడాలి.

మీరైతే ముందు ఫ్లోట్లు (సెల్లుల్లో నీటి మట్టం చూపే సూచికలు) చూసి, నీళ్లు తక్కువుంటే గీత దాకా పోసి, రాత్రంతా ఛార్జింగ్ పెట్టండి. రేపు లోడు వేసి లగ్గుల దగ్గర కొలవండి. అక్కడ 0.1 దాటి వస్తే కడిగి బిగించి ఓ వారం వాడి చూడండి. అక్కడ సున్నాయే వచ్చి, లోడు మీద పోస్టుల దగ్గర మాత్రం గబగబా 11 కిందికి పడిపోతుంటే హైడ్రోమీటర్ తెచ్చి ఆరు సెల్లుల అంకెలూ కాగితం మీద రాసుకోండి. షాపుకి వెళ్లేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్లండి, పైగా వారంటీ కార్డు కూడా ఒకసారి వెతకండి, నాలుగేళ్లే అంటున్నారు కాబట్టి ఇంకా గడువు మిగిలి ఉండొచ్చు.