విదేశాల్ల పేద పిల్లలకు బొమ్మలు నేర్పనీకి వాలంటీర్‌గ పోవచ్చా?
నల్గొండల డ్రాయింగ్ టీచర్ ఒకరు, ఎండాకాలం సెలవుల్ల కంబోడియా పోయి అనాథాశ్రమంల పిల్లలకు బొమ్మలు నేర్పొచ్చా అని అడిగిండ్రు. పోవచ్చు గానీ రెండు వారాల కోసమైతే నేనైతే వద్దనే అంట. అక్కడి ఆశ్రమాల్ల చానామంది పిల్లలకు అమ్మనో నాయననో బతికే ఉంటరు, పైసలిచ్చే విదేశీ వాలంటీర్లను చూపెట్టి కొన్నిచోట్ల అదే దందాగ నడిపిస్తరు, ఆస్ట్రేలియా అయితే 2018ల ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు దీన్ని గూడ అండ్ల లెక్కవట్టింది.

మంచిగ నడిచేది ఎట్లుంటదో చూడాలంటే కంబోడియాలనే బట్టంబాంగ్ ఊర్ల ఫారే పొన్లూ సెల్పాక్ అనే కళల బడి ఉంది, శరణార్థి క్యాంపుల బొమ్మలు నేర్చుకున్న పోరగాళ్లే వాపస్ వచ్చి 1994ల పెట్టిండ్రు, బొమ్మలతోని మొదలై మ్యూజిక్, సర్కస్ దాకా పోయింది. అసొంటి చోట పిల్లల కన్నా అక్కడి టీచర్లకు పనికొచ్చేది నేర్పుండ్రి, మన పోచంపల్లి డిజైన్లు తీస్కపోతే ఇంకా మంచిది, వాళ్లకాడ గూడ దారం ముందే కట్టి రంగులద్ది నేసే పట్టు ఉంది.

టూరిస్ట్ వీసా మీద వాలంటీర్ పని చానా దేశాలు ఒప్పుకోవు, ముందే అడగుండ్రి. పోలీస్ క్లియరెన్స్, అంటే మీ మీద కేసుల్లేవని ఇచ్చే సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ సేవలనే అప్లై చేస్కోవచ్చు. అది గూడ అడగకుండ రమ్మనే సంస్థ అయితే అటు దిక్కు పోకుండ్రి.