డాక్టర్ సలహా: నాన్నగారు రాత్రి లేచి పడిపోతున్నారు.. మెడ అరుగుదలేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. అమ్మ పోయాక, నిరుడు నెల్లూరు నుంచి చెన్నై తీసుకొచ్చి పెరంబూరులో మా దగ్గరే ఉంచుకున్నాం. ఇరవై ఏళ్లుగా షుగరు, బీపీ. ప్రొస్టేటుకు, నిద్రకు కూడా మాత్రలు వాడుతున్నారు. ఈ నెలలో రెండుసార్లు రాత్రి బాత్రూమ్‌కని లేచి పడిపోయారు. లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయంటారు. ఎక్స్‌రే తీసి మెడ అరిగిందని ఇంకో మాత్ర రాశారు. మేమైతే మంచం దిగొద్దని చెప్పేశాం. ఇంకేం చేయాలి?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలిందేమో ముందు అది చూసుకోండి. ఆ వయసులో చిన్న దెబ్బకే పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి, రెండు మూడు వారాల తర్వాత బయటపడొచ్చు. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తగ్గని తలనొప్పి, పగలంతా మగత, మాట తడబాటు, ఒక పక్క కాలు లాగడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లి సీటీ స్కాన్ చేయించండి.

అవేవీ లేకపోతే, నా అనుమానం మెడ మీద కాదు, బీపీ మీద. 76 ఏళ్ల మనిషి మెడకు ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనిపించక మానదు. మనం లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతుంది. వెంటనే రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెరిగి, మెదడుకు రక్తం తగ్గకుండా కాస్తాయి. వయసు మీద పడేకొద్దీ ఈ చురుకు తగ్గుతుంది. ఇన్నేళ్ల షుగరు ఆ పని చేయించే నరాలనే దెబ్బతీస్తుంది. పైగా బీపీ మాత్రలు, ప్రొస్టేటుకు ఇచ్చే టామ్సులోసిన్ లాంటివి బీపీని ఇంకా దించుతాయి. నిద్రమాత్ర మత్తులో అడుగు తూలుతుంది. ఒక్కో డాక్టరు ఒక్కో మాత్ర రాసి ఉంటారు. అన్నీ కలిసేది మాత్రం ఆయన ఒంట్లోనే.

ఇంట్లో బీపీ మెషిన్‌తో ఇలా చూడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ. పక్కన ఒకరు పట్టుకునే ఉండాలి. కళ్లు తిరుగుతున్నాయంటే అక్కడితో ఆపి కూర్చోబెట్టండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ పడిపోతే అసలు సంగతి దొరికినట్టే. రాత్రి లేచినప్పుడు ఒకసారి షుగరు కూడా చూడండి. 70 కంటే తగ్గితే వెంటనే గ్లూకోజు ఇచ్చి, మర్నాడే డాక్టరుకు చెప్పాలి.

ఆ అంకెలు రాసిన కాగితం, మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వృద్ధుల వైద్య నిపుణుల దగ్గరికి వెళ్లండి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో 200 పడకల ప్రభుత్వ కేంద్రం 2024 నుంచి వృద్ధుల కోసమే నడుస్తోంది. ఏ మాత్ర తగ్గించాలో వాళ్లే తేల్చాలి, మీ అంతట మీరు ఏదీ ఆపకండి. నిద్రమాత్ర ఒక్కసారిగా మానేస్తే కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. అక్కడ డాక్టరు తమిళంలో అడిగితే నాన్నగారు "బాగానే ఉందండీ" అని తలూపేస్తారు. ఆయనను తెలుగులోనే పూర్తిగా చెప్పనిచ్చి, మీరు తమిళంలో వివరించండి.

మంచం దిగొద్దన్నారు చూడండి, ఆ మాట మాత్రం ఇవాళే వెనక్కి తీసుకోండి. ఈ వయసులో పది రోజులు కదలకుండా పడుకుంటే తొడల్లో సత్తువ బాగా దిగిపోతుంది. లేచినప్పుడు తూలడం అప్పుడు ఇంకా పెరుగుతుంది. లేచే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని పాదాలు పైకీ కిందకీ ఆడించాలి. రాత్రికి మంచం పక్కనే యూరిన్ క్యాన్ పెట్టండి, చిన్న లైటు వెలగనివ్వండి. బాత్రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. రాత్రి లేవాల్సి వస్తుందని ఆయన నీళ్లు తగ్గించేసి ఉంటారు. చెన్నై ఉక్కపోతకు అది తోడైతే బీపీ ఇంకా పడుతుంది. గుండె, కిడ్నీ జబ్బు లేకపోతే సాయంత్రం ఆరులోపు నీళ్లు, మజ్జిగ ధారాళంగా ఇచ్చి, ఆ తర్వాత తగ్గించండి. ఎవరైనా తోడుండి రోజూ కాస్త నడిపించండి.

నిద్రమాత్ర అమ్మగారు పోయాకే మొదలైందేమో గుర్తు చేసుకోండి. అలాగైతే డాక్టరుకు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. దిగులుతో నిద్ర పట్టకపోతే దానికి వేరే వైద్యం ఉంది.